ఎర్ర తీగ కింది బొమ్మ

ఏడేళ్ల కిందట టోర్కిల్ చేపల వేట ముగించుకుని లిమ్ఫియోర్డ్ సముద్రపాయ ఒడ్డున ఉన్న తన ఇంటికి వచ్చేసరికి, వీధి వైపు గోడ నిండా తన బొమ్మే ఉంది. బంగాళదుంపంత ముక్కు, నోరంతా తెరిచిన నవ్వు, నెత్తిన ఒక సముద్రపు పక్షి. గీసింది పదహారేళ్ల కూతురు మాలీన్. వీధివాళ్లు పడీ పడీ నవ్వుతుంటే టోర్కిల్‌కు ఒళ్లు మండింది. ఆ వారంలోనే గోడ మొదట్లో ఐదాకుల పాకుడు తీగ నాటాడు.

మూడేళ్లకు బొమ్మ కనుమరుగైంది. ఏటా అక్టోబరులో ఆకులు పండి గోడ ఎర్రగా భగ్గుమనేది. దారినపోయేవాళ్లు ఆగి ఫొటోలు తీసుకుంటుంటే అతను పొంగిపోయేవాడు. మాలీన్ మాత్రం ఆ గోడ వంక చూసేది కాదు.

ఈ వసంతంలో మెదడువాపు వచ్చి నాలుగు రోజుల్లో మాలీన్ పోయింది.

నిన్న పక్కింటి ముసలమ్మ బిర్తా, కాఫీ పోస్తూ నోరు జారింది. "అది వెక్కిరింత కాదురా. నీ యాభయ్యో పుట్టినరోజుకి కానుక. నాన్న ఒక్కసారన్నా అలా నవ్వితే చూడాలని గీసింది పిచ్చిది. నీకు చెప్పొద్దని నాచేత ఒట్టేయించుకుంది."

తెల్లారగానే టోర్కిల్ నిచ్చెన వేసి, పూనకం వచ్చినవాడిలా తీగలు లాగడం మొదలుపెట్టాడు. కంచె అవతల బిర్తా లబోదిబోమంది.

"ఒరేయ్, పచ్చి తీగ పీకకు! మొదలు కోసి వదిలెయ్. ఏడాదికి ఎండి, మెల్లగా ఊడొస్తుంది."

"ఏడాదా? నా వల్ల కాదు బిర్తా. ఇవాళే చూడాలి."

"కాస్త ఆగరా..."

"ఏడేళ్లు దాచిపెట్టి ఇప్పుడు ఆగమంటావా?"

బిర్తా వెనుదిరిగి ఇంట్లోకి వెళ్లిపోయింది.

మధ్యాహ్నానికి గోడ బయటపడింది. ముక్కు లేదు, నవ్వు లేదు, వట్టి ఇటుకలు. ఆ తీగ నులితీగల కొసన ఉండే జిగురు బిళ్లలతో గోడను పట్టుకుంటుంది. లాగిన చోటల్లా రంగు పెచ్చులుగా దానితోపాటే ఊడొచ్చింది. ఎంత పని చేశానురా దేవుడా అని టోర్కిల్ నెత్తి బాదుకున్నాడు.

సాయంత్రం బిర్తా వచ్చేసరికి అతను పచ్చిక మీద మోకాళ్లపై ఉన్నాడు. తీగలన్నీ బోర్లా తిప్పి, ఆకులు కిందికి, అంటుకున్న రంగు పైకి వచ్చేలా ఒకదాని పక్కన ఒకటి పేరుస్తున్నాడు.

"ఏం చేస్తున్నావురా?" అంటూ ఆమె దగ్గరికి ఒక అడుగు వేసింది.

"అక్కడ తొక్కకు," అన్నాడు టోర్కిల్ ఏడుస్తూ. "నవ్వు అక్కడే రావాలి."