నడిమి పొరలు

జ్వరమొచ్చిన కూతురి కోసం రెండు రోజులు సెలవు పెట్టిన మల్లేశ్వరి, మూడో రోజు పొద్దున్నే ఆదోని శివార్లలోని ప్లైవుడ్ మిల్లుకు వచ్చింది. పన్నెండేళ్లుగా ఆమెది ఒకటే పని. దుంగల నుంచి ఒలిచిన పల్చటి పొరల్లో ఏ చెక్క పలక పైకి, ఏ చెక్క నడుమకు అని ఏరి పెట్టడం.

స్లాబు పోసేటప్పుడు కింద పరిచే సెంట్రింగు పలక ఒకటి గోడకు ఆనించి ఉంటే, దాన్ని జరపబోయి ఆగింది. ఎత్తగానే తేలిగ్గా లేచింది. అంచుకు పూసిన రంగును గోటితో గీకి చూసింది. పైనా కిందా నీలగిరి. నడుమంతా తేలికపాటి మలబారు వేప.

"పుష్పా, ఇట్లాంటివి యాడికి పోయినాయి?"

పొరలు అతికించే పుష్ప గొంతు తగ్గించింది. "నిన్న ఎమ్మిగనూరుకు పోయినాయక్కా, నాగేష్ మేస్త్రీకి. నీలగిరి లోడు రాలేదని సారే ఇవి పెట్టమన్నాడు. కల్యాణమండపం స్లాబు ఈ పొద్దే అంట."

మలబారు వేప చెడ్డ చెక్కేమీ కాదు. వంకర పోదు, బీరువాలకు బాగా పనికొస్తుంది. పచ్చి కాంక్రీటునూ, దాని మీద తిరిగే మనుషులనూ మోయమంటేనే దాని వల్ల కాదు.

ఆమె యజమాని గురుప్రసాద్ గదికి పోయింది. "సార్, ఫోన్ చేసి స్లాబు ఆపమని సెప్పండి."

"ఏం కాదులే. పలకల కింద ఆసరా కర్రలు దగ్గరగానే కొడతారు."

"కొట్టకపోతే?"

"లోపల ఏముందో ఎవరు చూస్తారు మల్లేశ్వరీ? పోయి పని చూసుకో."

ఆమె పనిలోకి పోలేదు. మేస్త్రీ ఫోన్ నంబరు ఆమె దగ్గర లేదు. గేటు దాటి, ఎమ్మిగనూరు బస్సెక్కింది. సీటు ఖాళీగా ఉన్నా కూర్చోలేకపోయింది.

ఆమె కల్యాణమండపం దగ్గరికి పోయేసరికి కాంక్రీటు కలిపే మిల్లరు తిరుగుతోంది. పైన ఎనిమిది మంది ఉన్నారు. ఒక మూల అప్పటికే పోసేశారు.

"ఆపండన్నా! ఆ పలకలు ఆగవు!"

నాగేష్ మేస్త్రీ విసుగ్గా వచ్చాడు. "ఎవురమ్మా నువ్వు? వేరే మిల్లోళ్లు పంపినారా?"

"ఆ పలకలు చేసిన మిల్లులోనే పని చేస్తాండా. సారుకు సెప్పకుండా వచ్చినా. ఒక పలక ఇయ్యన్నా, నీ కళ్లతోనే చూడు."

కింద కర్రల మధ్య ఎంత ఎడముందో అంతే ఎడంతో రెండు రాళ్లు పెట్టించింది. వాడగా మిగిలిన పలకనొకదాన్ని వాటి మీద వేయించి, సిమెంటు మూటలు ఎత్తించింది. నాలుగో మూటకు పలక కుంగింది. ఆరో మూటకు లోపల చిటుక్కుమంది.

అప్పుడే పైన కాంక్రీటు పోస్తున్న కూలీ యేసేపు కేక. "మేస్త్రీ, ఈ మూల దిగతాంది!"

"దిగండి! అందరూ దిగండి!" నాగేష్ అరిచాడు. "కింద ఎవురూ ఉండొద్దు!"

తట్టలు ఎక్కడివక్కడ వదిలేసి దిగారు. చివరగా యేసేపు నిచ్చెన దిగి నాలుగడుగులు వేశాడో లేదో, మూలన పలక ఫెళ్లుమని విరిగింది. పచ్చి కాంక్రీటు దబ్బున నేల మీద పడింది. మిల్లరు ఒక్కటే ఇంకా తిరుగుతోంది. ఎవరో పోయి దాన్ని ఆపారు.

మల్లేశ్వరి ఫోన్ తీసింది. గురుప్రసాద్ నంబరు నొక్కింది.

"సార్, మూల కూలిపోయింది."

"ఎవరికైనా...?"

"ఎవురికీ ఏం కాలేదు. అప్పుడే దిగినారు."

గురుప్రసాద్ గంట తిరక్కుండా వచ్చాడు. ఆమె వైపు చూడలేదు. నేరుగా విరిగిన పలక దగ్గరికి పోయి, నడిమి పొరను వేలితో లాగాడు. తడిసిన పొర తేలిగ్గా చీలి చేతికొచ్చింది. దాన్ని పట్టుకొని అట్లాగే నిలబడ్డాడు.

"ఇది ఎవురు పెట్టినారు?" నాగేష్ అడిగాడు. పనివాళ్లంతా దగ్గరికి వచ్చారు.

"నేనే పెట్టమన్నాను," అన్నాడు గురుప్రసాద్. "స్లాబు ఆపమని ఈమె పొద్దున్నే చెప్పింది."

మల్లేశ్వరి అప్పుడు సిమెంటు మూట మీద కూర్చుంది. యేసేపు చెంబుతో నీళ్లు తెచ్చిచ్చాడు.