సూప్ అయిపోయింది

ఆ హోటల్ యజమానిని అందరూ మైకు అనే పిలిచేవారు. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప మరెక్కడా కనబడదు. హాల్లో ఏ మూల నిలబడి ఆర్డరు చెప్పినా వంటింట్లో పెనం మీది చేప కూడా ఉలిక్కిపడేది. "కిటికీ పక్క టేబుల్‌కి రెండు సూపులు, ఒక చేప, చేప మాడనివ్వకు!" అని ఆయన కేకేస్తే, లోపల్నుంచి భార్య "ఆ!" అనేది. వంటంతా ఆవిడదే. ఆ కేక మీదా, ఆ "ఆ" మీదా వాళ్ల వ్యాపారం, సంసారం రెండూ సాఫీగా నడిచిపోయాయి.

ఒక ఆదివారం మధ్యాహ్నం దానికి గండం వచ్చింది. హాలు కిటకిటలాడుతోంది. ఒక పెద్దమనిషి సూపు నోట్లో పెట్టుకుని మొహం చిట్లించాడు. మైకు దగ్గరికి వెళ్లి ఏమైందని అడిగితే, పాపం ఆయన చాలా మర్యాదగా, పక్కవాళ్లకి వినపడకుండా, "కాస్త ఉప్పెక్కువైనట్టుందండీ" అన్నాడు. మైకు ఆ ముక్కని వంటింటికి ఇలా చేరవేశాడు:

"ఏమే! సూపులోకి సముద్రాన్ని గానీ ఎత్తి పోశావా?"

హాలంతా గొల్లుమంది. లోపల్నుంచి మాత్రం ఉలుకూ లేదు, పలుకూ లేదు.

ఆ క్షణం నుంచి ఆవిడ మొగుడితో మాట్లాడటం మానేసింది. వంట మానలేదు, పొద్దున్నే టీ ఇవ్వడం మానలేదు. మాట ఒక్కటే మానేసింది. ఏదైనా చెప్పాల్సి వస్తే కూతురి వైపు తిరిగి, "గీజరు ఆపలేదని మీ నాన్నకి చెప్పు" అనేది. మీ నాన్న అక్కడే, ఆవిడ మోచెయ్యి తగిలేంత దూరంలో కూర్చుని ఉండేవాడు.

కూతురు హోటల్లో క్యాష్ కౌంటర్ చూసుకుంటుంది. ఇంట్లో ఈ కబుర్లు మోసి మోసి ఆ పిల్లకి విసుగొచ్చింది. హోటల్లో సంగతి మరీ అన్యాయం. మైకు ఆర్డరు కేకేస్తే జవాబుండదు. అందిందో లేదో తెలీక ఆయన మళ్లీ అరుస్తాడు. ఒక చేప అడిగినవాడి ముందు రెండు చేపలు వచ్చి పడతాయి. చూసి చూసి ఆమె అరచేతిలో పట్టే ఆర్డరు మిషన్ ఒకటి తెప్పించింది. టేబుల్ దగ్గర నిలబడి దాని మీద నొక్కితే చాలు, తీగలూ గీగలూ ఏమీ లేకుండానే వంటింట్లో ఉన్న చిన్న ప్రింటర్ చీటీ కక్కుతుంది.

"ఇక నువ్వు అరవక్కర్లేదు నాన్నా."

"అరవకపోతే వంట ఎలా ఉడుకుతుందే?"

"ఇలా చూడు. వంటకం పేరు పక్కన పెన్సిల్ బొమ్మ ఉందా? అది నొక్కి అమ్మకి ఏదైనా రాయొచ్చు. కారం తక్కువ, బాగా వేయించాలి, అలాంటివి. అమ్మ దగ్గర కూడా ఒక స్క్రీన్ ఉంటుంది. ఏదైనా అయిపోతే అమ్మ అక్కడ నొక్కుతుంది. నీ దాంట్లో ఆ పేరు ఎర్రబడుతుంది. ఇక అది ఎవరికీ ఆర్డరు తీసుకోలేవు."

మైకు మిగతాదంతా ఒక చెవిన విని ఇంకో చెవిన వదిలేశాడు. పెన్సిల్ బొమ్మ మాత్రం మనసులో నాటుకుపోయింది.

మర్నాడు మొదటి టేబుల్ వాళ్లు సూపు అడిగారు. మైకు చూపుడువేలితో, కోడి గింజలు ఏరినట్టు, ఒక్కో అక్షరం పొడుచుకుంటూ, "ఉప్పు చూసుకుని వెయ్యి" అని రాసి పంపాడు. లోపల ప్రింటర్ కిర్రుమంది. ఆయన మీసాల్లో నవ్వుకునేలోపే చేతిలోని మిషన్‌లో సూపు పేరు ఎర్రబడింది. అయిపోయింది, అని ఉంది దాని కింద. గంగాళం నిండా సూపు కాగుతుండటం పొద్దున తన కళ్లతో చూశాడు.

తర్వాత ఎవరో చేప అడిగారు. "కోపం దించి, పెనం ఎక్కించు" అని రాశాడు. చేప అయిపోయింది. ఆమ్లెట్ పక్కన "మూతి ముడిస్తే ఆమ్లెట్ కూడా ముడుచుకుంటుంది" అని రాశాడు. గుడ్లన్నీ అయిపోయాయి. తగ్గితే పరువు పోతుందని ఆయన, తగ్గేదే లేదని ఆవిడ. మధ్యాహ్నానికి మెనూ మొత్తం పండిన మిరపతోటలా ఎర్రగా అయింది.

"ఏమున్నాయండీ?" అని అడిగారు మూల టేబుల్ దగ్గర కూర్చున్న భార్యాభర్తలు.

"ఉడికించిన బంగాళాదుంపలు ఉన్నాయి."

"ఇంకా?"

"ఇంకొన్ని బంగాళాదుంపలు ఉన్నాయి."

ఆ ఆర్డరు ప్లేట్లు బయటికి వచ్చీ రాగానే బంగాళాదుంపలు కూడా ఎర్రబడ్డాయి. ఈసారి మైకు ఏమీ రాయలేదు, అయినా సరే.

హాల్లో సగం మంది లేచి వెళ్లిపోవడం చూసి కూతురు కౌంటర్ దిగి వచ్చింది. "ఏం రాశావు నాన్నా?"

"సూచనలేనే తల్లీ."

ఆమె మిషన్ లాక్కుని చదివింది. "నలుగుర్లో అన్నది చాలక ఇప్పుడు చీటీల మీద ఎత్తిపొడుపులా? వెళ్లి తప్పయిందని చెప్పు."

"ఇంతమంది ముందా?"

"సముద్రం అన్నప్పుడు హాలు నిండా జనం లేరా?"

కూతురు మిషన్ ఆయన చేతిలో పెట్టి కౌంటర్ దగ్గరికి వెళ్లిపోయింది. మైకు స్తంభం చాటుకి వెళ్లి మిషన్ ముందేసుకున్నాడు. వంటకాలన్నీ ఎర్రగా ఉండటంతో వాటి పక్కన పెన్సిళ్లు మాయమయ్యాయి. మూల టేబుల్ బిల్లు కింద మాత్రం ఒకటి మిగిలింది. ఏ పెన్సిల్ అయితే ఏంలే అనుకుని చెమటలు తుడుచుకుంటూ రాశాడు: "తప్పు నాదే. నోరు జారాను. నువ్వు పలకకపోతే ఇల్లు ఇల్లులా లేదు. నీ చేతి సూపు లాంటిది లోకంలో లేదు. ఒక్కసారి మాట్లాడు."

వంటింట్లో ప్రింటర్ కిర్రుమనలేదు. కౌంటర్ మీది బిల్లుల ప్రింటర్ కిర్రుమంది. కూతురు చూసుకోకుండా చింపి ట్రేలో పెట్టింది. తన ఉత్తరాన్ని మైకు తనే మోసుకెళ్లి మూల టేబుల్ మీద పెట్టి వచ్చాడు.

ఆ దంపతులు వచ్చినప్పటినుంచీ చెరో దిక్కు చూస్తూ బంగాళాదుంపలు నములుతున్నారు. భార్య బిల్లు తీసుకుంది. కింద ఉన్నది చదివింది. మళ్లీ చదివింది. కళ్లు చెమ్మగిల్లాయి.

"ఇది మీరే రాయించారా?"

భర్త బిల్లులోకి తొంగిచూశాడు. నోట్లో దుంపని చప్పున మింగాడు. "మరి! ఇంకెవరు రాయిస్తారు?"

"నిన్న మా అక్కావాళ్ల ముందు అన్న మాటకేనా?"

"దానికే."

"కానీ, నా చేతి సూపు ఏంటి? నేనెప్పుడూ సూపు చెయ్యలేదే!"

"చేస్తే అలా ఉంటుందని."

సూపు మాట చెవిన పడగానే మైకుకి తన ఉత్తరం ఎక్కడికి చేరిందో అర్థమైంది. పరుగున వచ్చి, "అమ్మా, ఆ బిల్లు..." అనబోయాడు. టేబుల్ కింద నుంచి భర్త ఆయన చొక్కా అంచు పట్టుకుని గట్టిగా గుంజాడు. ఆ చూపులో ఉన్న దీనత్వం ఎలాంటిదో మైకుకి తెలియకపోలేదు. తన మొహంలో కూడా అదే ఉంది.

"మీదేనమ్మా. ఉంచుకోండి" అన్నాడు.

అన్ని అక్షరాలు మళ్లీ పొడిచే ఓపిక ఆయనకి లేదు. నేరుగా వంటింట్లోకి వెళ్లాడు. ఆవిడ పొయ్యి దగ్గర, అయిపోయిన సూపుని కలుపుతోంది.

"తప్పు నాదేనే" అన్నాడు, దోమ మూలిగినట్టు.

"ఏంటీ? వినపడలేదు."

ఇన్నాళ్లకి ఆవిడ నోట మాట! "నోరు జారాను అంటున్నా."

"హాల్లో జారారుగా. హాల్లోనే చెప్పండి."

మైకు బయటికి వచ్చి, గొంతు సవరించుకుని, ఛాతీ నిండా గాలి పీల్చాడు. "అమ్మా! అయ్యా! ఆదివారం నేనన్న సముద్రం సూపులో లేదు, నా నోట్లో ఉంది. అందరి ముందూ చెప్తున్నా, మా ఆవిడ విషయంలో నాదే తప్పు!"

మూల టేబుల్ భార్య అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది. "వీళ్లూ మనలాంటివాళ్లే" అంది భర్తతో. ఆయన నీళ్లు తాగే పనిలో పడ్డాడు.

మిషన్‌లో ఎరుపు తగ్గడం మొదలైంది. ముందు దుంపలు, తర్వాత గుడ్లు, చేప, అన్నిటికంటే ఆలస్యంగా సూపు.

"ఎవరికేం కావాలో అడుగుతారా, ఉపన్యాసం ఇస్తూ అక్కడే నిలబడతారా?" అని లోపల్నుంచి వినబడింది.

జనం పల్చబడ్డాక ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. "ఆ రోజు ఉప్పు నిజంగానే రెండుసార్లు పడింది" అంది ఆవిడ కంచంలోకి చూస్తూ. మైకు నోరు తెరవబోయాడు. కూతురు కళ్లురిమింది. తెరిచిన నోట్లో ఒక ముద్ద పెట్టుకుని ఊరుకున్నాడు. తర్వాత ఆవిడ గ్యాసు ఎప్పుడు నిండుకుందో చెప్పింది. పక్కింటావిడ కోడలు ఏమందో చెప్పింది. దాని మీద ఆయన తన అభిప్రాయం చెప్పాడు, అది తప్పని ఆవిడ అంది, కాదని ఆయన మళ్లీ మొదట్నుంచీ మొదలుపెట్టాడు. మూగనోము పట్టిన రోజుల బాకీ అంతా ఆ టేబుల్ మీదే తీరిపోయేలా ఉంది. మధ్యలో ఒక్క మాట దూర్చే సందు కూడా దొరక్క, కూతురు కంచం పట్టుకుని కౌంటర్ దగ్గరికి వెళ్లి, ఒంటరిగా, హాయిగా తింది.