నలభై ఒకటో నంబరు మెదడు

ఆ ల్యాబులో ఆమెను పేరుపెట్టి పిలిచేవాళ్లు లేరు. ఇరవై ఆరేళ్లుగా మెదళ్లను పల్చటి పొరలుగా కోస్తోంది కాబట్టి అందరికీ పొరలక్క అయిపోయింది. ఆమెకంటే వయసులో పెద్దవాడైన డైరెక్టరుగారికి కూడా పొరలక్కే.

పని చూడ్డానికి తేలికగానే కనిపిస్తుంది. గడ్డకట్టించిన మెదడు ముక్క అగ్గిపెట్టెంత ఉంటుంది. దాన్ని మిషను పీటకు అంటించి చక్రం తిప్పితే, కత్తి మీద వెంట్రుకలో సగం మందాన ఒక పొర లేస్తుంది. మెత్తటి కుంచెతో దాన్ని అందుకుని ఉప్పునీళ్ల గిన్నెలోకి వదలాలి. నీళ్లు తగలగానే ఆ పొర ముడతలు విప్పుకుని, నిద్రలేచి ఒళ్లు విరుచుకున్నట్టు మెల్లగా పరుచుకుంటుంది. చెయ్యి వణికితే చిరుగుతుంది, ఊపిరి గట్టిగా వదిలితే మడతపడుతుంది. అందుకని పొరలక్క మాటా నెమ్మది, నడకా నెమ్మది. తుమ్మొస్తే అప్లికేషను పెట్టుకుని తుమ్ముతుందని పక్కగదివాళ్లు నవ్వుకునేవారు.

ఆ ఏడు వచ్చిన పని కొత్తరకం. ఎప్పుడూ జబ్బుపడ్డ మెదళ్లే వచ్చేవి. ఈసారి వచ్చినవి మతిమరుపు జబ్బులాంటివేవీ లేకుండా, మామూలుగా బతికి మామూలుగా పోయినవాళ్లవి. ముప్ఫై ఏళ్లవాళ్ల నుంచి తొంభైకి చేరువైనవాళ్ల దాకా నలభై ఎనిమిది మంది. ప్రాణం ఉండగానే సంతకాలు చేసి ఇచ్చినవాళ్లు. డబ్బాల మీద పేర్లుండవు, నంబరూ వయసూ మాత్రమే.

"మెదడులో కొన్ని పెరుగుదల ప్రోటీన్లుంటాయక్కా," అని మొదటిరోజే చెప్పింది డాక్టరమ్మ. ఈ పరిశోధనంతా ఆమెదే. ముప్ఫై రెండేళ్ల పిల్ల, టీ చల్లారేదాకా మర్చిపోయి తర్వాత ఒక్క గుక్కలో తాగేసే రకం. "నాడీకణం కొత్త కొమ్మ వెయ్యాలన్నా, ఉన్న కొమ్మ ఎండిపోకుండా ఉండాలన్నా అవి కావాలి. వయసుతోపాటు అవెలా మారతాయో చూద్దాం. మీరు పొరలు కోసి రంగు పట్టించండి. ప్రోటీను ఉన్నచోట గోధుమరంగు తేలుతుంది."

పొరలక్క తలూపింది. వయసన్న మాట మాత్రం ఆమెకు గుచ్చుకుంది. ఎందుకంటే కొన్నాళ్లుగా ఆమెకు మాటలు చేజారిపోతున్నాయి. మొన్న జల్లెడ అనడానికి మాట దొరక్క, "అదేనండీ, చిల్లుల గిన్నె" అంది. ఇంటి తాళాలు బట్టల బుట్టలో దొరికాయి. వయసు యాభై తొమ్మిది. ఇంకా ఎవరికీ చెప్పలేదు, మొగుడికి కూడా.

పని మొదలైంది. రంగు పట్టిన పొరల్ని మైక్రోస్కోపు కింద పెట్టి చూసేటప్పుడు గదిలో దీపాలు ఆర్పేస్తారు. జ్ఞాపకాలు నాటుకునే చోటు వంపు తిరిగిన ఒడ్డులా కనిపిస్తుంది. ఆ ఒడ్డు పొడుగునా నాడీకణాలు, వాటి చుట్టూ గోధుమరంగు నలకలు. ముప్ఫై ఏళ్లవాళ్ల పొరల్లో అవి సాయంత్రం కమ్ముకున్నట్టు దట్టంగా ఉన్నాయి. డెబ్భై దాటినవాళ్ల పొరలు కొన్నింటిలో వెలిసిపోయిన చీర అంచులా ఉన్నాయి. చూస్తూ చూస్తూ పొరలక్క ఆ ఒడ్డున దిగి నడుస్తున్నట్టే అనుకునేది. కాళ్లకింద మెత్తటి ఇసుక. చుట్టూ కొమ్మలే కొమ్మలు, వాటి మధ్య ఎవరో ఎవర్నో పిలుస్తున్నట్టు చిన్న చిన్న చప్పుళ్లు. ఆ పిలుపుల్లో తనదేమైనా ఉందేమోనని చెవులు రిక్కించేది. ఇంటికెళ్లే బస్సులో కిటికీకి తల ఆనించినా అదే ఒడ్డు, అదే గోధుమరంగు వెలుతురు. రెండుసార్లు దిగాల్సిన స్టాపు దాటిపోయింది.

అలా ఉండగా నలభై ఒకటో నంబరు వచ్చింది. వయసు ఎనభై ఎనిమిది. పొరలక్క ఎప్పట్లాగే కోసింది, ఎప్పట్లాగే రంగు పట్టించింది. మర్నాడు డాక్టరమ్మ మైక్రోస్కోపులో కన్ను పెట్టి చాలాసేపు కదల్లేదు.

"అక్కా, ఇది ఎనభై ఎనిమిదేళ్లవాళ్లదేనా?"

"డబ్బా మీద అదే ఉందమ్మా."

"మరి ఇంత చిక్కటి రంగేంటి? ముప్ఫై ఐదేళ్లవాళ్లకి కూడా ఇంత లేదు." ఆ పిల్ల మాట వెతుక్కుంది. "ఏమీ అనుకోకండి... పొరలు గిన్నెల్లో వేసేటప్పుడు నంబర్లు తారుమారయ్యాయేమో?"

ఇరవై ఆరేళ్లలో ఆ మాట ఎవరూ అనలేదు. ఇంకెప్పుడైనా అయితే పొరలక్క నవ్వేసి ఊరుకునేది. ఇప్పుడు మాత్రం గిన్నెలకేసి చూసింది. గిన్నెలు వరసగా పెట్టిన సంగతి గుర్తుంది. కానీ అది మొన్నటిదా, అంతకుముందుదా? గట్టిగా పట్టుకోబోతే నీళ్లలో పొరలా జారిపోతోంది.

"అయ్యుండొచ్చమ్మా," అంది చివరికి. "ఈమధ్య నాకు మరపొస్తోంది. నీ దగ్గర దాచడమెందుకు? నెలాఖరుకి మానేద్దామనుకుంటున్నా. నావల్ల నీ పని పాడవకూడదు."

డాక్టరమ్మ ఆమెకేసి చూసింది. తర్వాత కుర్చీ లాక్కొచ్చి మిషను పక్కన వేసుకుంది.

"మానెయ్యడం సంగతి తర్వాత. ముక్క ఇంకా ఉందిగా? మళ్లీ కోద్దాం. మీరు కొయ్యండి, నేను పక్కన కూర్చుని నంబర్లు రాస్తా."

ఆ రెండు రోజులు ఇద్దరూ ఆ గదిలోనే ఉన్నారు. పొరలక్క చక్రం తిప్పుతుంటే పొరలు ఒక్కొక్కటే లేచాయి. చెయ్యి దాని దారి అది మర్చిపోలేదు. మధ్యలో కుంచె పేరు గుర్తురాక "ఆ తోకది ఇటివ్వమ్మా" అంటే డాక్టరమ్మ కుంచె అందించింది. రంగు తేలే గంట రానే వచ్చింది. తెల్లటి పొరల మీద గోధుమరంగు ముందు అంచుల్లో పొగలా కదిలి, ఒడ్డు పొడుగునా పాకి చిక్కబడింది. మొదటిసారి ఎంత చిక్కగా వచ్చిందో అంతే.

"తారుమారు కాలేదక్కా," అంది డాక్టరమ్మ. "తప్పు నాది. గ్రాఫులో గీత వయసుతోపాటు చక్కగా కిందికి దిగాలని ముందే అనుకుని కూర్చున్నా."

పొరలక్క అక్కడే స్టూలు మీద కూలబడింది. కళ్లలో నీళ్లు తిరిగాయిగానీ, చేతి తొడుగులున్నాయి కాబట్టి తుడుచుకోవడానికి లేదు. డాక్టరమ్మే తన కోటు చేతి అంచుతో అద్దింది.

మిగతా పొరలకు ఇంకో రంగు పట్టించారు. ప్రోటీను ఒక్కటే ఉంటే సరిపోదట, దాన్ని కణం మీద అందుకునేవి వేరే ఉంటాయట. నలభై ఒకటో నంబరులో అవి పల్చగా కనిపించాయి, ఆ వయసువాళ్లందరిలో ఉన్నట్టే.

"అంటే వడ్డించడానికి నిండుగా ఉంది, పట్టే చేతులే తగ్గాయన్నమాట," అంది పొరలక్క.

"ఈ మనిషిలో అంతే. ఇంకొకరిలో రెండూ తగ్గొచ్చు, ఒకరిలో ఏదీ పెద్దగా తగ్గకపోవచ్చు. వీళ్లంతా మంచిగా బతికినవాళ్లే. ఇవన్నీ మామూలే అక్కా."

"మరి నా మరపు?"

డాక్టరమ్మ తొందరపడలేదు. "మీ తల లోపల ఏముందో నేనిక్కడ కూర్చుని చెప్పలేను. ఈ ఒక్క ప్రోటీనుతో ఎవరి మరపునీ కొలవలేం. మరపుల డాక్టరు దగ్గరికి వెళ్దాం, నేనూ వస్తా. కానీ ఒకటి చెప్తా. మాట దొరక్కపోయినా మీకు పని దొరుకుతోంది. అది నేను కళ్లారా చూశా."

మరుసటి వారం ఇద్దరూ వెళ్లారు. డాక్టరు బొమ్మలు చూపించాడు, మాటలు చెప్పించాడు, వందలోంచి ఏడేసి తీసెయ్యమన్నాడు. వయసుకు తగ్గ మరపేనని, ఏడాదికోసారి వచ్చి కనిపించమని పంపించాడు. వస్తూ వస్తూ పొరలక్క ల్యాబు ఆఫీసులో ఆగి రెండు సమ్మతి కాగితాలు తీసుకుంది. తను పోయాక తన మెదడు ఇవ్వడానికి ఒకటి, చిత్తుకి ఒకటి.

ఇంట్లో మొగుడు లిఫ్టు మెకానిక్కు. ఆదివారం మధ్యాహ్నం బల్ల నిండా స్క్రూలు పరుచుకుని కూర్చున్నాడు. కాగితం చదివి కళ్లజోడు పైకి తోశాడు.

"ఇన్నేళ్లూ నీ బుర్రంతా వాళ్లకే పోసేశావు. ఇంకా ఏం మిగిలిందని ఇస్తావ్?"

"మిగిలింది ఇస్తా. సాక్షి సంతకం చెయ్యండి."

ఆయన చెయ్యి తుడుచుకుని సంతకం పెట్టాడు. పెట్టేముందు చాలాసేపు భార్య తలకేసి చూశాడు, అక్కడ కొత్తగా ఏదో కనబడినట్టు.

కిటికీ దగ్గర మంచం మీద కునుకు తీస్తున్న అత్తగారు అప్పుడు కళ్లు తెరిచింది. ఎనభై నాలుగేళ్ల మనిషి. కోడలి పేరూ కూతురి పేరూ మార్చి పిలుస్తుంది గానీ, ఎవరింట్లో ఎవరు అలిగారో అన్నీ తెలుసు.

"అమ్మాయ్, ఏంటా కాగితం?"

పొరలక్క మంచం అంచున కూర్చుని విడమర్చి చెప్పింది. ముసలావిడ అంతా విని, "నాకూ ఒకటివ్వు" అంది.

"మీకెందుకత్తయ్యా?"

"నీకంటే ముందు నాదే అందుతుంది కదే. వాళ్లని అంతకాలం కూర్చోబెట్టడమెందుకు?"

మొగుడు పక్కున నవ్వి, వెంటనే నవ్వు మింగేశాడు. పొరలక్క చిత్తుకని తెచ్చిన రెండో కాగితం తీసి ఆమె ఒళ్లో పెట్టింది. కలం పట్టుకున్న ఆ చెయ్యి కాసేపు గాల్లోనే ఆగింది.

"కత్తి నొప్పెడుతుందా?"

"లేదత్తయ్యా. అప్పటికి ఏమీ తెలీదు."

"నువ్వే కోస్తావా?"

"ఇంట్లోవాళ్లవి మేం ముట్టుకోకూడదు. డాక్టరమ్మ కోస్తుంది. రేపట్నుంచి ఆ పిల్లకి నేర్పుతున్నా."

"బాగా నేర్పు. లేకపోతే చింపి పోగులు పెట్టగలదు," అని ముసలావిడ సంతకానికి దిగింది. మొదటి అక్షరం రాశాక రెండోది గుర్తురాక ఆగిపోయింది. ఎండ పరదాలోంచి వచ్చి ఆమె తెల్లటి పాపిడి మీద వాలింది. కొడుకు చెప్పబోతే పొరలక్క కళ్లతోనే వద్దంది. ముగ్గురూ అలాగే కూర్చున్నారు, ఎవరికీ తొందర లేనట్టు. వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ దూరంగా వెళ్లిపోయారు. కాసేపటికి కలం దానంతటదే కదిలింది. ముసలావిడ రెండో అక్షరం రాసి, తర్వాతది రాసి, ఆఖర్న తన చిన్నప్పటి అలవాటు ప్రకారం కింద ఒక పొడుగాటి గీత గీసింది.