బావ మిషన్ బేరం

ఇనుము చెక్కే పాత మిల్లింగ్ మిషన్ కొనాలంటే అమ్మేవాడు పరాయివాడై ఉండాలి. వాడి ముందు ఎక్కడ పడితే అక్కడ విప్పి చూడొచ్చు, మొహం చిట్లించొచ్చు, అవసరమైతే లేచి వచ్చేయొచ్చు. అక్క మొగుడి దగ్గర ఇవేవీ కుదరవు.

నా మిషన్ మూలపడింది. చేతిలో ఉన్నదంతా బారు ఇనప ప్లేట్ల పని. ప్లేటు బిగించే మిషన్ టేబుల్ ఈ చివర నుంచి ఆ చివరదాకా సాఫీగా నడిస్తేనే అవుతుంది. తేడా వచ్చిందా, ఆ పని ఇచ్చినాయన మళ్లీ నా గుమ్మం తొక్కడు. బావేమో మోకాళ్ల నొప్పులతో షాపు మూసేస్తున్నాడు. "ఎవరికో ఎందుకు, తమ్ముడే తీసుకుంటాడు" అని అక్క తీర్మానించేసింది. నన్నెవరూ అడగలేదు.

వాళ్లింటి ముందే ఉన్న షాపుకి వెళ్లగానే సంచిలోంచి డయల్ గేజ్ తీశాను. వెంట్రుకవాసి తేడా ఉన్నా దాని ముల్లు కదిలి చెప్పేస్తుంది.

"అదెందుకురా? మీ బావ మీద నమ్మకం లేదా?" అంది అక్క.

"బావ మీద ఉందక్కా, ఇనుము మీదే లేదు."

"ఇన్నేళ్లూ మేం దాని మీదే తిన్నాం" అని మొహం ముడుచుకుంది. గేజ్ సంచిలోకి వెళ్లిపోయింది. మొహమాటానికి పోతే కడుపయిందని ఊరికే అన్నారా.

మిషన్ ఆన్ చేసి చప్పుడు విందామంటే అక్క కబుర్లు. కిందికి వంగి చూద్దామంటే "నడుం పట్టేస్తుంది, కూర్చో" అంటుంది. నాకు ఏడుపొక్కటే తక్కువ. చివరికి టీ పెడతానని ఆవిడ లోపలికి వెళ్లింది.

బావ టేబుల్ పట్టుకుని ఊపి చూపించాడు. "చూడు, ఇసుమంతైనా కదులుతుందా? వదులు రాకుండా ఏడాదికోసారి దీని పక్క పట్టీ నేనే బిగిస్తాను."

అక్కడే నాకు అనుమానం వచ్చింది. బావ చేసేవన్నీ చిన్న చిన్న పార్టులు. పనంతా టేబుల్ నడిమధ్యలోనే, అరుగుదలా అక్కడే. ఆ వదులుకి సరిపడా పట్టీ బిగిస్తూ పోతే, అరగని చివర్లలో టేబుల్ పట్టేయక ఏం చేస్తుంది?

"బావా, ఒకసారి చివరిదాకా తిప్పు."

హ్యాండిల్ తిప్పాడు. కొంత దూరం వెన్నలా వెళ్లి ఆగిపోయింది. రెండు చేతులతో పట్టాడు. కదల్లేదు. రెండో వైపూ అంతే.

"ఇంత దూరం నేనెప్పుడూ తిప్పలేదురా" అన్నాడు. హ్యాండిల్ వదిలేసి, "పట్టీ వదులు చేస్తే?"

"మధ్యలో ఊగుతుంది."

"అంటే నేను చేసినవన్నీ వంకరేనా?"

"చిన్నవాటికి ఏం కాదు బావా." నిజమే చెప్పాను. ఆయన నమ్మినట్టు లేడు.

అక్క టీ తెచ్చింది. "ఎప్పుడు తీసుకెళ్తావురా?"

నేను నోరు తెరిచేలోపే బావ అందుకున్నాడు. "నేనే ఇవ్వనన్నాను. అమ్మబుద్ధి కావట్లేదు."

అక్క ఆయన్ని కడిగి పారేసింది. ఇంటి మనిషిని పిలిచి అవమానించారంది, మీ మాటకి విలువేముందంది. నిజం చెప్పబోయాను. బావ కళ్లతోనే వద్దన్నాడు. నన్ను కాపాడుతున్నాడో, తన పరువు కాపాడుకుంటున్నాడో తెలియలేదు. తలొంచుకుని తిట్లన్నీ తిన్నాడు. నేను టీ తాగాను.

మిషన్ లేకుండానే రోడ్డెక్కాను. తెల్లారితే ప్లేట్ల ఆయన అడుగుతాడు. కసితీరా తిట్టుకుందామంటే ఒక్క మనిషీ మిగల్లేదు.