కనపడుతున్నప్పుడే

ఎనభయ్యారు గోదావరి వరద వచ్చి పోయిన మరుసటి ఎండాకాలం అది. భద్రాచలం దాటాక దుమ్ముగూడెం దారిలో, అడవి అంచున ఉన్న కోయగూడెం నుంచి ఆడవాళ్ళంతా పొద్దున్నే ఇప్పపూలకు పోయేవాళ్ళు. ముత్తక్క కూడా పోయింది. ఆమెకు నలభై దాటాయి. మొగుడు చనిపోయాక అన్న బొజ్జయ్య ఇంటి పక్కనే గుడిసె వేసుకుని ఉంటోంది.

పూలు ఏరుతుంటే కుడికంట్లో నలక పడింది. ఆ కన్ను మూసి చేత్తో నలుపుకుంటూ తలెత్తింది. ఎదురుగా ఉండాల్సిన చెట్టు లేదు. కింద పూలు లేవు. పక్కనే వంగి ఏరుతున్న మేనకోడలు గంగక్క లేదు. పొగలాంటి వెలుతురు తప్ప ఏమీ లేదు. చెయ్యి తీస్తే అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. మళ్ళీ మూసి చూసింది. ఎడమకన్ను ఎప్పుడు పోయిందో ఆమెకే తెలియదు. నొప్పి లేదు, ఎర్రబడింది లేదు, నీరు కారింది లేదు.

బొజ్జయ్య గూడెం పూజారి. చెల్లెలు ఆ సంగతి అతనికి చెప్పింది.

"అయ్యకు గూడ గిట్లనే మొదలైంది. అడవితల్లికి మన ఇంటి మీద కోపం ఇంకా పోలే. కోడిని ఇద్దాం," అన్నాడు.

వాళ్ళ తండ్రి చివరికాలంలో పూర్తిగా గుడ్డివాడయ్యాడు. రోజూ సందెవేళ గుమ్మంలో కూర్చుని, "ఏం తప్పు చేసిన్నో చెప్పు తల్లీ," అని అడవివైపు దండం పెట్టేవాడు. ఎన్నడో కొట్టిన చెట్టు, ఎన్నడో జారిన మాట, అన్నీ తవ్వుకుని తవ్వుకుని ఏడ్చేవాడు. అట్లాగే పోయాడు.

"కోడిని మీరే కోసుకు తినండి. నేను దవాఖానాకు పోత," అంది ముత్తక్క.

"ఒక్కదానివే ఎట్ల పోతవు?"

"కుడికన్ను ఉంది గద. అదే తోడొస్తది."

భద్రాచలంలో చూసినవాళ్ళు ఖమ్మం పొమ్మన్నారు. ఖమ్మంలో కంటి డాక్టరమ్మ ఆమె కంట్లో చుక్క వేసి, గడ్డం ఒక మిషను మీద ఆనించమని లోపలి ఒత్తిడి చూసింది. లైటు వేసి కంటి వెనక నరం చూసింది. తర్వాత తన ముక్కు మీదే చూపు నిలపమని చెప్పి, వేళ్ళు పక్కనుంచి మెల్లగా ముందుకు తెస్తూ, ఎప్పుడు కనపడితే అప్పుడు చెప్పమంది. కుడికన్ను కూడా అంచుల్లో తగ్గిందని అప్పుడు తేలింది.

"ఇది నీటికాసుల జబ్బమ్మా. కంట్లో ఒత్తిడి పెరిగి చూపునిచ్చే నరం చచ్చిపోతుంది. పక్కచూపు ముందు పోతుంది గనక మనిషికి తెలియదు. పోయిన చూపు నేను తేలేను. ఉన్నది పోకుండా చుక్కలిస్తాను. బతికున్నంత కాలం పొద్దున, సాయంత్రం వేసుకోవాలి. చెప్పినప్పుడల్లా వచ్చి చూపించుకోవాలి."

ముత్తక్క తలూపింది. డాక్టరమ్మ మళ్ళీ అంది. "ఇది ఒక్కో ఇంట్లో వరసగా వస్తుంది. నీ తోడబుట్టినవాళ్ళు, వాళ్ళ పిల్లలు కూడా రావాలి. బాగా కనపడుతున్నా సరే, రావాలి."

బస్సులో కూర్చున్నాక ముత్తక్కకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఒక ముసలాయన చెయ్యని తప్పుకు అన్నేళ్ళు ఏడ్చాడు. పక్కన కూర్చుని వాళ్ళంతా అది నిజమనే నమ్మారు.

ఇంటికొచ్చి చెబితే బొజ్జయ్య వినలేదు. "చెట్టు మీది గువ్వను ఇప్పటికీ కొడుత. నాకేం రోగం?" అన్నాడు.

విత్తనాల పండుగనాడు గూడెమంతా చేరింది. బొజ్జయ్య పూజ ముగించగానే ముత్తక్క లేచి నిలబడింది. ఆడవాళ్ళు అక్కడ మాట్లాడే ఆచారం లేదు.

"మా అయ్య ఏ తప్పు చెయ్యలే. ఆయనకు వచ్చింది కంటిరోగం. నాకూ అదే వచ్చింది. మా అన్నకూ ఉండొచ్చు."

"కూసో," అన్నాడు బొజ్జయ్య.

"కూసోను. రేపు గంగక్కను తీస్కపోత. అడ్డమొచ్చేదుంటే అందరి ముందరే రా."

మర్నాడు అతను దారికి అడ్డంగా నిలబడ్డాడు. ముత్తక్క మేనకోడలి చెయ్యి పట్టుకుని అతని పక్కనుంచే నడిచింది. గంగక్క తండ్రివైపు ఒకసారి చూసి, అత్త వెంట పోయింది.

గంగక్క కళ్ళు బాగున్నాయి. ఏటా ఒకసారి వచ్చి చూపించుకుంటే చాలన్నారు. ఆ సంగతి విని బొజ్జయ్య నవ్వాడు. "చూసినవా, ఏం లేదు. ఉత్తగ తిరిగొచ్చిన్రు."

"ఏం లేదని తెలిసింది. గది తక్కువనా?" అంది ముత్తక్క.

వానాకాలం పోయింది. గూడెంలో కొందరు ఆమెతో మాటలు మానేశారు. ఆమె చుక్కలు మానలేదు, అడవికి పోవడం మానలేదు. ఎడమవైపు కొమ్మలు మొహానికి గీరుకుంటుంటే తల తిప్పి చూస్తూ నడవడం నేర్చుకుంది.

చలికాలంలో ఒకరోజు ఆమె ఖమ్మం పోవడానికి రోడ్డు మీద నిలబడితే, బొజ్జయ్య వచ్చి కాస్త ఎడంగా నిలబడ్డాడు. బస్సెక్కి వెనక సీట్లో కూర్చున్నాడు. దవాఖానాలో కూడా తన కళ్ళ సంగతి ఎత్తలేదు.

"మా అయ్య తప్పు చెయ్యలేదని మీరు చెప్పిన్రంట. మీ నోటితోనే విందామని వచ్చిన," అన్నాడు డాక్టరమ్మతో.

ఆమె అతణ్ణి కూర్చోబెట్టింది. "చూడని మనిషి గురించి ఖాయంగా చెప్పలేను. కానీ ఇది తప్పు చేస్తే వచ్చే జబ్బు కాదు పెద్దాయనా. ఎవరికైనా వస్తుంది. ఎలాగూ వచ్చారు, మీ కళ్ళు కూడా చూడనివ్వండి."

అతను కాదనలేదు. రెండు కళ్ళలోనూ ఒత్తిడి ఎక్కువగా ఉంది. రెండింట్లోనూ అంచుల చూపును జబ్బు తినేసింది. నడిమి చూపు మాత్రం చెడలేదు.

"నాకు అన్నీ కనపడుతున్నయి గద," అన్నాడు బొజ్జయ్య.

"అందుకే కాపాడగలం. ఇంకో రెండు మూడేళ్ళు ఆగి వస్తే నా చేతిలో ఏమీ ఉండేది కాదు."

తిరుగు ప్రయాణంలో అతను వెనక సీటుకు పోలేదు. చెల్లెలి ఎడమపక్క కూర్చున్నాడు. పాల్వంచ దాటాక, "తల్లి కోపమని చెప్పి అన్నేళ్ళు అయ్యను నేనే ఏడిపించిన," అన్నాడు. ముత్తక్క ఓదార్చలేదు. "రేపటి సంది చుక్కలు మానకు," అంది.

పూజలు అతను మానలేదు. కానీ కళ్ళ కోసమని ఎవరైనా కోడిని పట్టుకొస్తే తీసుకోవడం మానేశాడు. "ముందుగల ముత్తక్క ఎంట పో," అనేవాడు.

మళ్ళీ ఎండాకాలానికి ముత్తక్క వెంట సగం గూడెం బయలుదేరింది. ముసలివాళ్ళు, పిల్లతల్లులు, ఆమెతో మాటలు మానేసినవాళ్ళు కూడా. దవాఖానా వరండా నిండిపోయింది. కొత్తగా చేరిన అటెండరు అడ్డం వచ్చాడు.

"ఇంతమంది ఎక్కడినుంచి వచ్చిన్రు? వీళ్ళల్ల కళ్ళు కనపడనోళ్ళు ఎవరు?"

"అందరికీ కనపడుతయి. అందుకే తెచ్చిన. పక్కకు జరుగు," అని ముత్తక్క వాళ్ళను లోపలికి నడిపించింది.