ఎడమచేతి కిన్నెర

గవరమ్మ సంచి సర్దుతోంది. ప్రయాణం ఆమెది కాదు, అక్క సన్యాసమ్మది. అది గవరమ్మ చిన్నపిల్లగా ఉన్నప్పుడే జరిగిపోయింది. ఆనాడు తొందరలో సరిగా సర్దలేదని ఇప్పుడు నిదానంగా సర్దుతోంది. రెండు నేత చీరలు, కొబ్బరినూనె సీసా, చెక్క దువ్వెన, ఎండుచేపల పొట్లం. ఇంకా చోటుందని వాకిట్లో పడిన ఎండను కూడా మడిచి పక్కన దోపుతుంది.

"మనిసింకా రానేదు. అప్పుడే పంపించడానికి సంచి కట్టేత్తన్నావేటి పిన్నీ?" అంటాడు వడ్రంగి వీరాచారి.

"వచ్చినోలు ఎల్తారు. సంచి సిద్ధంగా ఉంటే కంగారుండదు."

అక్క వీపు గవరమ్మకి బాగా గుర్తుంది. రవిక మీద వేసిన అతుకు, నడుం దాటిన జడ, పగిలిన మడమలు. ముఖం మాత్రం గుర్తు లేదు. జనపనార మిల్లులో పనికని మొగుడి వెంట రైలెక్కబోయిన మనిషి వీధి చివరిదాకా వీపే చూపించింది. ఒక్కసారి ఆ ముఖం చూడాలి. అంతకు మించి గవరమ్మకి ఏదీ అక్కర్లేదు.

అందుకే వీరాచారితో కలిసి ఈ కిన్నెర కడుతోంది. వాగు ఒడ్డున పాడుబడిన మంటపంలో, ఒక స్తంభం మీద రాతి ఆడమనిషి దాన్ని వాయిస్తూ కూర్చుని ఉంది. రాజుల కాలంనాటి వాద్యం. దాని మోత విన్న చెవులు ఇప్పుడు లేవు. అది మోగితే ఎంత దూరం పోయినవాళ్లయినా వింటారని గవరమ్మ నమ్మకం. వీణలకు మైనం మీద మెట్లు నిలబెడుతూ ముసలిదైన మనిషి, తనకి చేతకాదన్న అనుమానం ఆమెకి ఏనాడూ రాలేదు.

వీరాచారి రాతి మీద తడిమట్టి అదిమి అచ్చు తీశాడు. ఆ అచ్చు చూసుకుంటూ ఇద్దరూ వెదురు కోశారు, ఎండిన సొరబుర్రలు మూడు కట్టారు, మైనంలో మసి కలిపి మెట్లు నిలిపారు. ఇక్కడ ఒక్కో భాగం పూర్తయిన కొద్దీ అక్కడ రాతి మీద ఆ భాగం చెరిగిపోయింది. ఇవాళ ఆఖరి తీగ బిగించేసరికి రాతి మనిషి ఒళ్లో ఏమీ మిగల్లేదు. ఇక కూర్చుని చేసేదేముందని ఆమె లేచి, మధ్యాహ్నానికి వీళ్ల పాకకి వస్తుంది.

ఆమె బరువుకి గుమ్మం జానెడు కుంగుతుంది. వీరాచారి పీట వేస్తాడు. పీట విరుగుతుంది. ఎవరూ ఏమీ అనుకోరు.

ఆమె కిన్నెరను అటూ ఇటూ తిప్పి చూస్తుంది. "ఇది నాది కాదు. మట్టిలో అచ్చు తీసి, ఆ అచ్చునే సూసి సేసినారు. కుడిపక్కనుండాల్సిన పెద్ద బుర్ర ఎడంపక్కకొచ్చీసింది."

వీరాచారి నాలిక కరుచుకుంటాడు. రోజూ అద్దంలో చూసుకుని గడ్డం గీసుకునేవాడే.

"నాది ఊరిడిచి ఎల్లేవోలిని సాగనంపడానికి వాయించేది," అంటుంది రాతి మనిషి. "ఇది తిరగబడ్డాది. ఎల్లినోలిని ఎనక్కి నడిపిస్తాది."

"అయితే ఇప్పీసి మల్లీ కడతాను."

"ముట్టుకున్నావంటే సెయ్యిరిసేత్తాను," అంటుంది గవరమ్మ.

కిన్నెర లాక్కుని, కుడిచేయి మెట్ల మీద ఆనించి, ఎడమచేత్తో మీటుతుంది.

వెళ్లినవాళ్లు వెనక్కి నడుస్తూ వస్తారు. అత్తవారింటికి వెళ్లిన పిల్లలు, సంతకి తోలిన మేకలు, బదిలీ అయిపోయిన మాస్టారు. వీపులన్నీ ఇటే. అడుగులు తాము పెట్టిన గుర్తులను తామే తుడుచుకుంటూ వస్తాయి. అందరి వెనకా ఒక జడ, అతుకు వేసిన ఒక రవిక. వచ్చి గుమ్మం దగ్గర, వీపు ఇటు పెట్టి ఆగుతుంది.

"అప్పా," అని అక్కని పిలుస్తుంది గవరమ్మ.

"గవరీ. నీ గొంతు ముసిల్దైపోనాదేటే?"

"ఇటు తిరుగు."

"తిరిగితే నీ కాడుండను. నాకిప్పుడు ఎనకడుగులే. వీపు నీ ఏపుంటే నీ దగ్గరకొస్తాను, మొకం నీ ఏపుంటే ఎల్పోతాను. ఏది కావాలో సెప్పు."

"వీపే ఉండనీ పిన్నీ," అని గొణుగుతాడు వీరాచారి. "మనిసుంటాది. ఇంత కూడెట్టొచ్చు."

"ఎనకనించి ఎలాగెడతాన్రా?"

గవరమ్మ మీటడం ఆపదు. కాసేపు ఆ అతుకునే చూస్తుంది. దాని కుట్లు ఎన్ని వంకరలు పోయాయో ఆమెకి తెలుసు.

"వీపు నాకు నోటికొచ్చు. తిరుగప్పా."

సన్యాసమ్మ తిరుగుతుంది. ముక్కు పక్కన చిన్న మచ్చ. పై పెదవి మీద చెమట. ఆ ముఖం ఏడుస్తూ ఉంటుందని గవరమ్మ ఇన్నేళ్లూ అనుకుంది. అది ఊరు చూడబోతున్న పిల్ల ముఖం. నవ్వుతోంది.

గవరమ్మ సర్దిన సంచి భుజానికెత్తుకుంటుంది. పాదాలు వెనక్కి కదులుతాయి.

"ఎల్లొస్తానే."

"రావద్దులే. అలా సూస్తానే ఎల్లు."

దూరమైన కొద్దీ ఆమె చిన్నదవ్వదు. ముఖం పెద్దదవుతుంది. పంటకాలువ దాటేసరికి ఇంటికప్పంత, రైలుకట్ట చేరేసరికి కొండంత. జనం ఆ నీడలోంచి వడ్లను ఎండలోకి జరుపుకుంటారు. రైలొకటి కూత వేసి ఆమె పాపిట్లోకి దూరి, చాలాసేపటికి చెవి వెనకనుంచి బయటికి వస్తుంది. కిటికీల్లోని ప్రయాణికులందరికీ ముక్కు పక్కన చిన్న మచ్చ ఉంది. గవరమ్మ వాయిస్తూనే ఉంది.

గవరమ్మ చిన్నపిల్లగా ఉన్నప్పుడు సన్యాసమ్మ ఒక ఆశ్వయుజంలో, గాలివాన వెలిసిన మర్నాడు, మంగళవారం పొద్దున వెళ్లింది. మళ్లీ రాలేదు.