అమ్మ చేతి చింతచిగురు మాంసం

ఇందిర స్టూడియోలో పొద్దున్నే మొదటి పని దూది తడపడం. సలసల కాగే నీళ్లలో ముంచిన దూదిని గిన్నె వెనక దాస్తే, ఎప్పుడో చల్లారిపోయిన కూర కూడా ఫొటోలో పొగలు కక్కుతుంది. ఆ తర్వాత కొత్తిమీర ఆకులు ఏరడం, టమాటా ముక్కల మీద గ్లిజరిన్ చుక్కలు చల్లడం, దీపాలకు ఎదురుగా తెల్ల థర్మకోల్ అట్టలు నిలబెట్టడం. నరసరావుపేటలో పెళ్లి ఫొటోలు తీసేవాళ్లు వీధికొకరున్నారు. తిండి ఫొటోలు తీసేది ఆమె ఒక్కతే. మాచర్ల మిఠాయి కొట్లవాళ్లు, వినుకొండ బిర్యానీ హోటళ్లవాళ్లు గిన్నెలు ఒళ్లో పెట్టుకుని బస్సుల్లో వచ్చేవాళ్లు.

ఆమె పాత కెమెరా ఎరుపును బాగా పట్టేది. ఆవకాయ, కోడివేపుడు దానికి చెల్లెళ్లలాంటివి. పచ్చ, గోధుమరంగు కలిసిన కూర పెడితే మాత్రం చేతులెత్తేసేది. మల్లమ్మ సెంటర్లో హోటలున్న త్రికోటేశ్వరరావు తన చింతచిగురు మాంసం ఫొటో చూసి, "ఇదేందమ్మా ఇందిరమ్మా, మా బర్రె వేసినట్టుంది" అన్నాడు.

ఇందిరకు ఒళ్లు మండింది, అతని మాట నిజమే కాబట్టి ఇంకా మండింది. గుంటూరు వెళ్లి కొత్త కెమెరా కొంది.

"నీడలో రంగులు కూడా విడివిడిగా వస్తయి మేడమ్" అన్నాడు కొట్టతను. "వండినోళ్ల మనసు కూడా శుభ్రంగా పడుద్ది. పాతదాంట్లో అదంతా మసకలో కొట్టుకుపోద్ది."

"బ్యాటరీ ఎంతసేపొస్తది?" అంది ఇందిర.

ఫొటోలో వండినవాళ్ల మనసు పడటం ఆమెకు కొత్తేం కాదు. పాత కెమెరాలోనూ కొంచెం పడేది. పన్నునొప్పితో ఒకాయన చేసిన కాజాల ఫొటో అట్టపెట్టెల మీద వేశాక, కొన్నవాళ్లందరూ దవడ నిమురుకుంటూ ఇంటికెళ్లారు. అమ్మకాలేం తగ్గలేదు.

కొత్త కెమెరాకు మొదటి పని ఆ చింతచిగురు మాంసమే. గిన్నె తెచ్చింది చాంద్ బీ. ఆ హోటలు రెండు బల్లలతో మొదలైన రోజు నుంచి పొయ్యి దగ్గర నిలబడింది ఆమే. చిగురును ఆమె కత్తితో తరగదు, మిక్సీలో తిప్పదు. రెండరచేతుల మధ్య నలిపి, పుల్లలు ఊది, సగం మాంసంతోపాటు ఉడకనిచ్చి, మిగతా సగం దించేముందు వేస్తుంది. చిగురు కాలంలో ఆమె అరచేతులు నల్లబడి పగులుతాయి. ఆ కూర కోసం గురజాల నుంచి కార్లేసుకుని వచ్చేవాళ్లున్నారు.

"ఫ్లెక్సీలో కూర మధ్యలో రావాల" అన్నాడు వెంట వచ్చిన త్రికోటేశ్వరరావు. "ఈ పక్కన మా అమ్మ బొమ్మ. పైన 'అమ్మ చేతి చింతచిగురు మాంసం' అని పెద్దక్షరాలు."

"ఏ అమ్మ సార్?" అంది చాంద్ బీ.

"ఏ అమ్మేంది? మా అమ్మ, వీరరాఘవమ్మ గారు."

"ఆమె నీసు ముట్టరు గదా."

"ముడితే ఏంది, ముట్టకపోతే ఏంది? జనానికి అమ్మ కావాల. బ్రాండింగ్ అంటారు దీన్ని. నీ పేరేస్తే ఎవడికి ఎరిక? అయినా నీకేం తక్కువ చేశాం చెప్పు."

చాంద్ బీ ఇంట్లో నలుగురు తినేది ఆమె జీతం మీదే. రొమ్ము మీద అరచేత్తో రుద్దుకుంటూ, "పాడు గ్యాసు. ఈమధ్య ఒకటే మంట" అని గొణుక్కుంది.

ఇందిర బటన్ నొక్కింది.

ఫొటో అద్భుతంగా వచ్చింది. ఏ ఆకుకు ఆ ఆకే కనబడుతోంది, ముక్క అంచున నూనె మెరుస్తోంది. చూస్తూ చూస్తూ ఇందిర చేతిలో ఉన్న లెన్సు మూతను గోడకేసి కొట్టింది. తర్వాత వెళ్లి దాన్ని ఏరుకుంది. మనసు కూడా బాగా పడింది అనుకుని ఫొటో పంపేసింది.

సెంటర్లో ఇంటి ఎత్తున ఫ్లెక్సీ లేచింది.

అది చూసిన ప్రతివాడికీ కోపం వచ్చింది. ఊరికే వచ్చే కోపం కాదు. తనది ఇంకొకడు తనదన్నప్పుడు వచ్చే కోపం. కాలేజీ లేడీ లెక్చరరొకామె స్కూటీ ఆపి ఫ్లెక్సీ కేసి చూసి, వెనక్కి తిరిగి వెళ్లి, తను రాసిన పాఠాల మీద పేరు వేయించుకున్న హెడ్డును స్టాఫ్‌రూంలో అందరి ముందూ నిలదీసింది. ఒక టైలరు తను కత్తిరిస్తే పేరు కొట్టేసిన అన్నతో నడిరోడ్డు మీద కొట్లాడాడు. హోటల్లో మెనూ కార్డుల మీదా అదే ఫొటో. తెరిచినవాడల్లా బల్ల గుద్దేవాడు. సర్వర్లు గ్లాసులు స్టీలువి పెట్టడం మొదలెట్టారు.

త్రికోటేశ్వరరావు స్టూడియోకి వచ్చాడు. "కూర బ్రహ్మాండంగా ఉందమ్మా. కోపం ఒక్కటి కాస్త తగ్గించి ఇయ్యి."

"వెలుగు తగ్గిస్తా, నీడ తగ్గిస్తా. కోపానికి మీట లేదు."

"ఫొటోషాప్‌లో కూడా లేదా?"

"లేదు. వండిన మనిషి దగ్గరుంది. పోయి ఆమెనడగండి."

"పోనీ పాత కెమెరాతో తియ్యరాదూ?"

"మీ బర్రె ఒప్పుకుంటదా?"

అతను చాంద్ బీని అడగలేదు. అడగడానికి ఏముంది? ఎడ్లపాడు నుంచి జీవన్ అనే వంటవాణ్ణి పిలిపించి అదే కూర వండించి ఫొటో తీయించాడు. జీవన్ ఫోన్లో వీడియో చూసి వండాడు, చిగురు మిక్సీలో వేశాడు. ఆ ఫొటో చూసినవాళ్లు ఎవరో పట్టుకుంటారన్నట్టు మాటిమాటికీ వెనక్కి తిరిగి చూసుకున్నారు. పాత ఫ్లెక్సీనే ఉంచాల్సి వచ్చింది.

ఇంతలో వీరరాఘవమ్మకు కంటి ఆపరేషనైంది. కట్టు విప్పాక ఆసుపత్రి నుంచి ఆటోలో వస్తూ, సెంటర్లో మాంసం గిన్నె పక్కన నవ్వుతున్న తన మొహాన్ని చూసింది. ఆటో ఆపించి నేరుగా కౌంటర్ దగ్గరకు వెళ్లింది.

"ఒరే కోటేశూ, నా మొహం ఎవర్నడిగి అంటించావురా అక్కడ?"

"నెమ్మదమ్మా, జనం ఉన్నారు."

"ఉంటే విననీ! జన్మలో నేను నీసు వండలా. మీ నాయనకు తినబుద్ధయితే దొడ్లో మూడు రాళ్లు పెట్టుకుని ఆయనే వండుకున్నాడు. ఇప్పుడు ఈ వయసులో నా చేతికి మాంసం అంటగడతావా? ఆ చాంద్ బీ చేతులేమైనయిరా? పడిపోయినయ్యా?"

తింటున్నవాళ్లు తినడం ఆపారు. వాళ్లంతా అప్పటికే మెనూ కార్డు చూసి ఉన్నారు. "చెప్పవయ్యా, ఏమైనయి?" అని ఎవరో గట్టిగా అరిచారు.

ఆ సాయంత్రానికల్లా ఫ్లెక్సీ దిగింది. మర్నాడు త్రికోటేశ్వరరావు చాంద్ బీని, గిన్నెను తనే కారులో స్టూడియోకి తెచ్చాడు.

"'చాంద్ బీ చేతి చింతచిగురు మాంసం' అని వేద్దాం. ఇక చల్లబడు. కాస్త నవ్వుమొహంతో వండావా లేదా?"

చాంద్ బీ తలూపింది. ఇందిర ఫొటో తీసింది, లాప్‌టాప్‌లో చూసింది, దాన్ని చాంద్ బీ వైపు తిప్పింది. "ఇది ఆ రోజుది. ఇది ఇవాళ్టిది."

చాంద్ బీ తన కూర ఫొటోను తీరిగ్గా చూడటం అదే మొదటిసారి. హోటలుకి ఆమె వెనక సందులోంచి వస్తుంది, వెనక సందులోంచే పోతుంది. రెండు ఫొటోలనూ మార్చి మార్చి చూసింది. రెంటిలోనూ కోపం ఒకటే, వెంట్రుకవాసి తేడా లేదు. ఆమె చెయ్యి దానంతటదే రొమ్ము మీదకు వెళ్లింది.

"అయితే ఇది గ్యాసు కాదన్నమాట" అంది.

త్రికోటేశ్వరరావు కూడా చూశాడు. చూసేసరికి అతనికీ కోపం తన్నుకొచ్చింది. "నీ పేరు పెట్టాం గదా! ఇంకా దేనికి కోపం?"

"నాకు పేరు మీరు పెట్టేదేంది సార్? మా నాయన పెట్టాడు, నేను పుట్టినప్పుడే."

ఆమె గిన్నెను గుడ్డతో పట్టుకుని లేపింది.

"ఏమే, ఆగు. గిన్నె హోటల్ది!"

చాంద్ బీ ఆగింది. చుట్టూ చూసి, ఇందిర ఫొటోల కోసం దాచుకున్న తెల్ల పింగాణీ బేసిన్ అందుకుని, కూరంతా అందులోకి వంపింది. ఖాళీ గిన్నెను అతని కాళ్ల దగ్గర పెట్టింది. "గిన్నె మీది. కూర నాది. ఇందిరక్కా, బేసిను రేపు కడిగి తెచ్చిస్తా."

"తొందరేం లేదు" అంది ఇందిర. తలుపు తీసి పట్టుకుంది.

త్రికోటేశ్వరరావు హోటలు ఇప్పటికీ నడుస్తోంది. అలాంటివి మూతపడవు. జీవన్ మిక్సీలో వేసిన చిగురుతోనే జనం సరిపెట్టుకుంటున్నారు. ఇందిరకు మాత్రం అక్కడి నుంచి మళ్లీ పని రాలేదు. ఆమె అడగనూ లేదు.

చాంద్ బీ వినుకొండ రోడ్డులో రేకుల షెడ్డు ఒకటి తీసుకుంది. చిగురు కాలం అయిపోవడంతో దోసకాయ మాంసంతో మొదలుపెట్టింది. మొదటి వారం ఈగలు తోలుకుంది. రెండో వారం గురజాల కార్లు దారి కనుక్కున్నాయి. ఓ మధ్యాహ్నం ఇందిర ఎవరూ పిలవకుండానే కెమెరా తీసుకుని వెళ్లి, మాంసం గిన్నెను పొయ్యి మీద ఉండగానే తీసింది.

చాంద్ బీ చేతులు తుడుచుకుంటూ వచ్చి తెర మీదకు వంగింది. "ఏం పడిందక్కా?"

ఇందిర చాలాసేపు చూసింది. అందులో కోపం లేదు. సంతోషమూ లేదు.

"ఆకలేస్తోంది" అంది. "పళ్లెం పెట్టు."